చేపతోక జెండా కుట్టిన కురచ ఎర్రయ్య

బిలాస్‌పూర్‌లో తోర్వా బజారు వైపు వెళ్తుంటే ‘కురచ టైలర్స్’ అని ఒక బోర్డు కనిపిస్తుంది. పైన హిందీలో, కింద తెలుగులో. కొత్తగా బదిలీ మీద వచ్చిన తెలుగువాళ్ళు దాన్ని చదివి, ఒకసారి ఆగి, నవ్వుకుని, బట్టల సంచీతో పక్క వీధి దర్జీ దగ్గరికి పోతారు. పోనివ్వండి. బట్టలు పొట్టిగా కుడతానని తానే చాటుకునే దర్జీ చేతిలో గుడ్డ పెట్టడానికి ఎవరికైనా ధైర్యం చాలాలి కదా. హిందీవాళ్ళకి ఆ బెడద లేదు. వాళ్ళలో చాలామంది అది ఇంటిపేరనుకుని ఎర్రయ్యని గౌరవంగా కురచాజీ అంటారు. రైల్వే కాలనీలో పాతికేళ్ళుగా ఉన్నవాళ్ళు మాత్రం ఆ బోర్డు చూసి నవ్వరు. ఆ పేరు అక్కడికెక్కడానికి ముందు ఎర్రయ్యని ఎంత ఏడిపించిందో వాళ్ళకి తెలుసు. ఏడిపించినవాళ్ళు కూడా వాళ్ళే కదా మరి.

ఎర్రయ్యది పలాస దగ్గర పల్లెటూరు. మేనమామ ఇక్కడ రైలు పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌లో పనిచేసేవాడు. మేనల్లుణ్ణి కూడా పట్టాల మీదకి ఎక్కిద్దామని తీసుకొచ్చాడు గానీ, వీడికి సుత్తి కంటే సూది మీద మనసు పోయింది. కాలనీ బజారులో ముసలి దర్జీ ఒకాయన పక్కన కూర్చుని, ముందు కాజాలు, తర్వాత నిక్కర్లు, ఆ తర్వాత యూనిఫారాలు నేర్చాడు. అన్నిటికంటే బాగా నేర్చింది గార్డు జెండాలు కుట్టడం. గాలికి కొట్టుకుని కొట్టుకుని జెండా అంచులు పీచులుగా లేచిపోతే గార్డులు తెచ్చి అతని ముందు పడేసేవాళ్ళు. అతను అంచు లోపలికి మడిచి పక్కపక్కనే రెండు వరసల కుట్టు వేసేవాడు. ఆ జంట కుట్టు పడిన జెండా మళ్ళీ ఊడిందని ఎవరూ అనగా వినలేదు. ఎర్రజెండా చిరిగి ఉంటే గార్డుకి మాట వస్తుంది. అందుకని జెండా అంటే నాలుగు మూలలూ నిండుగా ఉండాలన్నది ఎర్రయ్యకి నరాల్లో ఇంకిపోయింది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు దీంతోనే పని పడుతుంది.

ఇక పేరు సంగతి. ఎనభైల మొదట్లో ఒక చలికాలం గూడ్సు గార్డు గిరిబాబు దళసరి ఉన్ని గుడ్డ తెచ్చి కోటు కుట్టమన్నాడు. ఉన్ని గుడ్డని ముందు నీళ్ళలో తడిపి, నీడన ఆరబెట్టి, అప్పుడు కత్తెర పెట్టాలి. ఎర్రయ్యకి ఆ సంగతి తెలియక కాదు. గిరిబాబు రేపే కట్నీ లైన్లో డ్యూటీ అన్నాడు, పేండ్రాలో చలికి చచ్చిపోతానన్నాడు. గిరిబాబు మనిషి భారీ, గొంతు అంతకంటే భారీ. కొత్తగా పెళ్ళయి, చేతిలో పని నిలబడాలని తాపత్రయపడుతున్న ఎర్రయ్య కుదరదని చెప్పలేకపోయాడు. తడపకుండానే కోసి, కుట్టి ఇచ్చేశాడు.

పేండ్రా దగ్గర వాన పడింది. గిరిబాబు తడిసిన కోటుని, డ్యూటీ దిగిన గార్డులు పడుకునే రన్నింగ్ రూములో కుంపటి పక్కన ఆరేశాడు. తెల్లారి తొడుక్కుంటే చేతులు మోచేతుల దాకా ఎక్కాయి. పచ్చజెండా చూపించడానికి చెయ్యెత్తితే కోటు మొత్తం పైకి లేచి పొట్ట బయటపడింది. ఇంజను డ్రైవరు వెనక్కి తిరిగి చూసి, జెండా కంటే ముందు పొట్ట చూసి నవ్వాడట. గిరిబాబు తిరిగొచ్చాక తిడతాడని ఎర్రయ్య రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తిట్టుంటే బాగుండేది. గిరిబాబు తిట్టలేదు, పేరు పెట్టాడు. కాలనీలో సగం మందికి పేర్లు పెట్టింది ఆయనే. ఎప్పుడూ బీడీ పొగ వదిలే టీ కొట్టు పోలయ్యని ‘ఇంజను’ అన్నదీ ఆయనే. ఆయన పెట్టిన పేరు మర్నాటికి ప్లాట్‌ఫారం దాటుతుంది, వారానికి అటు రాయగఢ్, ఇటు కట్నీ చేరుతుంది. రైళ్ళ మీద తిరిగే మనుషుల నోట్లో పడ్డ పేరుని ఏ స్టేషన్లో దింపుతారు? అలా ఎర్రయ్య ‘కురచ’ అయ్యాడు.

ఆ రోజు నుంచీ అతని కత్తెరకి భయం పట్టుకుంది. ఏ గుడ్డ కోసినా రెండు వేళ్ళు ఎక్కువే వదిలేవాడు. ప్యాంటు కాళ్ళు నేలమీద పారాడేవి, చొక్కా చేతులు వేళ్ళ చివర్ల దాకా వచ్చేవి. మడత విప్పితే ఇంకో చొక్కాకి సరిపడా గుడ్డ ఉంటుందని జనం వేళాకోళం చేసేవాళ్ళు. ఎంత పొడుగ్గా కుట్టినా పేరు మాత్రం కురచే. తోర్వాలో చిన్న గది తీసుకుని సొంతంగా దుకాణం పెట్టుకున్నాక కూడా బోర్డు కట్టలేదు. ఎవరైనా అడిగితే, చూద్దాంలే అనేవాడు. ఏ దేవుడి పేరు రాసినా, పిల్ల పేరు రాసినా, ‘అదే, కురచ కొట్టు’ అనే అంటారని అతనికి తెలుసు. అతని భార్య అచ్చియమ్మకి ఈ గొడవే పట్టేది కాదు. పేరేమైనా నోట్లోకి ముద్ద వెళ్తోందా లేదా అన్నదే ఆవిడ లెక్క. ఎర్రయ్య కూడా అలాగే సర్దుకుపోయేవాడేమో, కూతురు జ్యోతిర్మయి లేకపోతే.

జ్యోతి తొమ్మిదో తరగతికొచ్చింది. బళ్ళో పిల్లలు దాన్ని ‘కురచ కూతురు’ అంటున్నారని ఎర్రయ్యకి ఎవరూ చెప్పలేదు. ఒకసారి టిఫిను డబ్బా ఇవ్వడానికి బడికెళ్ళి గేటు దగ్గర తన చెవులతోనే విన్నాడు. డబ్బా గేటు మనిషి చేతికిచ్చి వెనక్కి వచ్చేశాడు. తన పేరు తన మీదే ఉండిపోతే భరించొచ్చు, పిల్ల నెత్తిమీద కూడా కూర్చుందే అని ఆ రోజంతా మిషను తొక్కలేకపోయాడు. ఎలాగైనా ఈ పేరు దాని మీదనుంచి దింపాలి. ఎలాగో మాత్రం తెలియలేదు.

ఆ ఏడు డిసెంబరులో బడివాళ్ళు రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో ప్రదర్శన తలపెట్టారు. రైల్వే పిల్లలు కదా, రవాణా మీద పెడదామన్నారు. రవాణా వల్ల ఎదిగిన ప్రాంతాలు కొన్ని చీటీల మీద రాసి, ఒక్కో జట్టుని ఒక్కో చీటీ తియ్యమన్నారు. జ్యోతికి, దాని స్నేహితురాలు హరిప్రియకి అమెరికాలో ఒహాయో అనే రాష్ట్రం వచ్చింది. భూగోళం చెప్పే వసుంధర టీచరు మూడు విషయాలు తయారు చెయ్యమంది. ఆ రాష్ట్రం రవాణా కథ, దాని జెండా, ఆ రాష్ట్రానికి ముద్దుపేరు ఎలా వచ్చింది అన్నది. రవాణా హరిప్రియ తీసుకుంది. ముద్దుపేరు కథ, జెండా జ్యోతికి మిగిలాయి. అది ఇంటికొచ్చి సంచీ గోడకి కొట్టి కూర్చుంది.

“నేను స్టేజీ ఎక్కను నాన్నా, బస్, అంతే. పేరు ఎలా వచ్చిందో నేను చెప్తుంటే కింద అందరూ మన పేరు అరుస్తారు.”

మన పేరు, అంది. ఎర్రయ్యకి అక్కడ గుచ్చుకుంది. సముదాయించాలని చూశాడు. చివరికి, నువ్వు ఎక్కినా ఎక్కకపోయినా ఆ జెండా మాత్రం నేను కుట్టి ఇస్తాను, అలాంటి జెండా ఈ కాలనీలో ఎవరూ చూసుండరు అన్నాడు. అతని ఆలోచన తేలికైనదే. అందరూ చూసి మెచ్చుకునేట్టు కుడితే, కురచ అన్న నోళ్ళే రేపట్నుంచి జెండా ఎర్రయ్య అంటాయి. గార్డు జెండాలెన్ని కుట్టినా అవి కర్రకి చుట్టుకుని చంకలో ఉండేవే. నలుగురూ తలెత్తి చూసే జెండా అతను ఇంతవరకు కుట్టలేదు.

బడి పుస్తకం ఇంటికివ్వరు కాబట్టి జ్యోతి చూసి కాగితం మీద బొమ్మ గీసి తెచ్చింది. ఎర్రటి, తెల్లటి చారలు. కర్ర వైపు నీలం త్రికోణం, అందులో పదిహేడు తెల్లటి చుక్కలు. వాటి మధ్య తెల్లటి చక్రం, చక్రంలో ఎర్రటి బొట్టు. అంతవరకు బాగానే ఉంది. జెండా అవతలి కొసకి పోయేకొద్దీ సన్నబడి, చివర చేపతోకలా రెండుగా చీలి ఉంది. ఎర్రయ్య దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. జ్యోతి హరిప్రియ ఇంటికి వెళ్ళింది, అడుగుదామంటే లేదు. అచ్చియమ్మ నక్షత్రాలు కత్తిరిస్తూ ఓరకంట చూసింది.

“మన గుంట గీసినట్టు కుట్టీవొచ్చు కదేటి. దాని కొస అలాగే ఉంటాదేమో.”

“జెండాకి కోతేటే? కాయితం సాలక అలా గీసుంటాది,” అన్నాడు ఎర్రయ్య.

అసలు సంగతి అతని కడుపులో ఉంది. పొట్టిగా కుట్టాడని పేరు పడ్డవాడు, చివర కోత ఉన్న జెండా తీసుకెళ్ళి అందరి ముందూ కడతాడా? చూసినవాడల్లా మళ్ళీ గుడ్డ చాలలేదా అంటాడు. చేపతోకలో ఖాళీ నింపేశాడు. చారలు చివరిదాకా తిన్నగా లాగాడు. అలవాటు కొద్దీ చుట్టూ రెండు వేళ్ళు ఎక్కువే వదిలాడు. చారల కలయికల్లో గార్డు జెండాకి వేసినట్టే జంట కుట్టు వేశాడు. తయారయ్యాక మంచం మీద పరిచి చూసుకుంటే అతనికే ముచ్చటేసింది. ఇస్త్రీ చేసి పాత పేపర్లో చుట్టి, జ్యోతిని కూడా విప్పి చూడనివ్వలేదు. రేపు అందరితో పాటే చూడమన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం హాలు నిండిపోయింది. డ్యూటీ దిగినవాళ్ళు, ఎక్కబోయేవాళ్ళు, ఇంట్లో ఆడవాళ్ళు, అందరూ వచ్చారు. ముందు వరసలో గిరిబాబు కుర్చీ నిండా కూర్చున్నాడు. ఎర్రయ్య పొట్లం విప్పి జెండాని స్టాలు వెనక తాడుకి కట్టాడు. బాగుందని ఒకరిద్దరు అన్నారు కూడా. జ్యోతి మాత్రం దాన్ని చూసి, తోక ఉండాల్సిన కొస పట్టుకుని తడిమింది. ఈలోగా వసుంధర టీచరు పుస్తకం పట్టుకుని వచ్చింది. కుట్టు చూసి చాలా మెచ్చుకుంది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. ఆ దేశంలో రాష్ట్రాలన్నిటి జెండాలూ నాలుగు మూలలవేనట, ఒక్క ఒహాయోదే చేపతోకట. సన్నబడకపోయినా పర్వాలేదు గానీ, తోక లేకపోతే అది ఒహాయో జెండా కాదంది. బహుమతులు ఇచ్చేవాళ్ళు ముందు అదే చూస్తారంది.

ఆవిడ మెల్లగానే అంది. గిరిబాబుకి మాత్రం మెల్లగా అన్నవి కూడా వినిపిస్తాయి.

“ఓరి కురచా, ఇన్నేళ్ళకి ఒకటి పొడుగ్గా కుట్టావనుకుంటే అదీ తప్పేనేటిరా,” అన్నాడు.

హాలు గొల్లుమంది. అందరూ తెలిసినవాళ్ళే, ఎవరి మనసులోనూ విషం లేదు. అయినా ఎర్రయ్యకి చెవులు మండిపోయాయి. తాను తలెత్తుకోవాలని కుట్టిన జెండాయే కూతుర్ని మళ్ళీ తలొంచుకునేట్టు చేసింది. సంచీలోంచి కత్తెర తీశాడు, కానీ చెయ్యి కదల్లేదు. మంచి గుడ్డ, ఎంతో ఇష్టంగా కుట్టిన గుడ్డ. ఎక్కువ వదలడమే తప్ప, కావలసినంతే కొయ్యడం ఆ చెయ్యి మర్చిపోయి ఏళ్ళయింది. కోత వెంట్రుకవాసి ఎక్కువ పడితే ఇక బతికినన్నాళ్ళూ ఈ హాలు సంగతే చెప్పుకుంటారు. జ్యోతి తాడు విప్పి జెండా కిందికి దింపింది. రెండు కొసలూ పట్టుకుని బిగించి లాగింది.

“కొయ్ నాన్నా. నేను పట్టుకుంటాను కదా.”

ఎర్రయ్య దాని చేతుల వైపు చూశాడు. గుడ్డ ముడత లేకుండా బిగిసి ఉంది. సుద్దతో రెండు ఏటవాలు గీతలు గీసి, మడతకి ఎంత కావాలో అంతే వదిలి, కత్తెర పెట్టాడు. పై నుంచి ఒక కోత, కింద నుంచి ఒక కోత. త్రికోణం గుడ్డ రాలి అతని కాళ్ళ మీద పడింది. ఇలాగే కట్టెయ్యొచ్చని టీచరు అంది గానీ, అంచు పీచులతో జెండా కట్టడం అతని వల్ల అయ్యే పని కాదు. స్టేజీ మెట్టు మీద కూర్చుని, మడత కుదరడానికి లోపలి మూలలో చిన్న గాటు పెట్టి, చేత్తోనే కుట్టేశాడు. బహుమతులు ఇచ్చేవాళ్ళు మిగతా స్టాళ్ళు చూసి వచ్చేలోపు జెండా మళ్ళీ తాడెక్కింది.

ఈసారి గిరిబాబు నవ్వలేదు. లేచి దగ్గరికొచ్చి తోకని వేళ్ళతో పట్టుకుని చూశాడు. కట్నీ లైన్లో చిన్న స్టేషన్ల బయట వార్నర్ సిగ్నల్ రెక్క ఉంటుంది. ఎర్రటి రెక్క, తెల్లటి పట్టీ, చివర ఇలాంటి చేపతోకే. అది ఆగిపొమ్మని చెప్పదు, ముందు చూసుకుని రమ్మంటుంది. జీవితమంతా ఆ తోకని చూస్తూ తిరిగినవాళ్ళే హాల్లో సగం మంది. ఇది మన వార్నర్ రెక్కే అని గిరిబాబు అనగానే వాళ్ళంతా లేచి వచ్చి దాని చుట్టూ మూగారు. అంతవరకు ఏ దేశానిదో అయిన జెండా ఒక్క మాటతో వాళ్ళది అయిపోయింది.

హరిప్రియ ఆ రాష్ట్రంలో నది మీద పడవలు, తవ్విన కాలువలు, ఆ తర్వాత అల్లుకున్న రైళ్ళు, విమానం మొదట ఎగరేసిన అన్నదమ్ములు పెరిగిన ఊరు, అన్నీ హిందీలో గడగడా చెప్పింది. జెండా మీది చారలు అక్కడి రోడ్లకి, జలమార్గాలకి గుర్తని కూడా చెప్పింది. అక్కడే పేచీ వచ్చింది. రోడ్లున్నాయి, నీళ్ళున్నాయి, మరి రైలు పట్టాలేవని గిరిబాబు అడిగాడు. రైల్వేవాడి పౌరుషం అది. వెనక వరసలూ అవునవును అన్నాయి. హరిప్రియ తడబడి టీచరు వైపు చూసింది. అప్పుడు ముందుకొచ్చింది జ్యోతి.

జెండా గీసినవాళ్ళు పట్టాలు మర్చిపోయారు, కుట్టినవాడు మర్చిపోలేదని హిందీలో అంది. చారకీ చారకీ మధ్య వేలు పెట్టి చూపించింది. పక్కపక్కనే రెండు వరసల కుట్టు, కర్ర నుంచి తోక దాకా ఎక్కడా కలవకుండా నడిచింది. గార్డులకి ఆ కుట్టు పరిచయమే, వాళ్ళ చంకల్లో ఉన్న జెండాలకీ అదే ఉంది. ఎర్రయ్య ఆ కుట్టు ఊడకుండా ఉంటుందని వేశాడే గానీ పట్టాలని అనుకోలేదు. కాదని చెప్పబుద్ధి కూడా కాలేదు.

మాట మొదలయ్యాక జ్యోతి ఆగలేదు. చెప్పనని మొండికేసిన ముద్దుపేరు కథ కూడా అందుకుంది. ఆ రాష్ట్రంలో ఒక చెట్టు ఉంది. దాని కాయ గింజ లేడి కన్నులా ఉంటుంది, చెట్టుకి పేరూ అదే. కలప పొయ్యిలోకి సరిగ్గా పనికిరాదు, గింజ తినడానికి పనికిరాదు. అలాంటి చెట్టు పేరు అక్కడి జనానికి అంటగట్టారు. ఒక ఎన్నికల కాలంలో వాళ్ళ నాయకుణ్ణి మొరటువాడని ఎగతాళి చేస్తే, వాళ్ళు ఆ చెట్టు కలపతోనే గుడిసెలు, చేతికర్రలు చేసుకుని, పాటలు పాడుకుంటూ ఊరేగారట. అప్పట్నుంచి అది వాళ్ళు గొప్పగా చెప్పుకునే పేరైపోయింది. జెండా మీది ఎర్రటి బొట్టు ఆ గింజే అని కూడా చెబుతారట.

జ్యోతి ఒకసారి ఊపిరి తీసుకుని అదే హిందీలో ఇంకా ఇలా అంది.

“మా ఇంటికీ అలాంటి పేరు ఒకటుంది. కురచ. తెలుగులో పొట్టి అని అర్థం. ఈ జెండా కుట్టింది కురచ ఎర్రయ్య. నేను ఆయన కూతుర్ని.”

ఎవరూ అరవలేదు. ముందెవరు చప్పట్లు కొట్టారో ఎర్రయ్యకి తెలియలేదు, కళ్ళు మసకబారి ఏమీ కనిపించలేదు. ఆ పేరుని పిల్ల మీదనుంచి ఎలా దింపాలా అని అతను ఇన్నాళ్ళూ కొట్టుకున్నాడు. పిల్ల తనంతట తానే దాన్ని ఎత్తుకుని అందరి ముందూ నిలబెట్టింది. కోశాక ఏరి ఉంచుకున్న ఆ త్రికోణం ముక్కతోనే కళ్ళు తుడుచుకున్నాడు. బహుమతి వేరే జట్టుకి పోయింది. ఆ సంగతి ఇంటికెళ్ళాక అచ్చియమ్మ అడిగితే గానీ తండ్రికీ కూతురికీ గుర్తు రాలేదు.

సంక్రాంతి వెళ్ళాక తోర్వా దుకాణానికి బోర్డు లేచింది. బోర్డు రాసే అతను పేరు విని రెండుసార్లు అడిగాడు. ఎర్రయ్య రెండుసార్లూ అదే చెప్పాడు. ఒక మూల చిన్న చేపతోక జెండా కూడా వేయించాడు. ఆ సాయంత్రం గిరిబాబు సైకిలు దిగి, బోర్డు కింద చాలాసేపు నిలబడ్డాడు. చంకలో గుడ్డ మూట ఉంది. కోటు గొడవ తర్వాత ఆయన జెండాలు తెచ్చాడే గానీ ఒంటి మీద వేసుకునేది ఒక్కటీ ఎర్రయ్యకి ఇవ్వలేదు.

“అది తీయించీరా ఎర్రయ్యా. నానే పెట్టాను, నానే తీసీమంటన్నాను. బాగోలేదు,” అన్నాడు. ఆయన నోట ఎర్రయ్య అన్న పేరు వినపడి ఎన్నేళ్ళయిందో.

“మీరు పెట్టినప్పుడు మీది బాబూ. మా గుంట అందరి ముందరా సెప్పింది. ఇప్పుడది నాది,” అన్నాడు ఎర్రయ్య.

గిరిబాబు మూట విప్పి బల్ల మీద పెట్టాడు. నీలిరంగు ఉన్ని గుడ్డ, కోటుకి సరిపడా ఉంది. ఎర్రయ్య దాన్ని వేళ్ళతో నలిపి చూసి, టేపు మెళ్ళోంచి తీసి, మనిషిని నిలబెట్టి కొలతలు తీసుకున్నాడు. చెయ్యి పైకెత్తమన్నాడు. జెండా చూపిస్తున్నట్టు గిరిబాబు చెయ్యెత్తాడు. అలాగే కొలిచాడు.

“ముందు తడపాలి బాబూ. నీడన ఆరాలి. మీకు తొందరైతే నా వల్ల కాదు.”

“అచ్ఛా, ఆగుతానులే,” అన్నాడు గిరిబాబు, గోడ పక్క బెంచీ మీద కూర్చుంటూ.

ఎర్రయ్య ఇత్తడి గంగాళం నిండా నీళ్ళు పోసి, గుడ్డ మొత్తం అందులో ముంచాడు.